బీరువాల మీద లాటిన్

"ఈసారి గట్టెక్కకపోతే నన్నడుగు," అని భార్యకు చెప్పి రికార్డు గుమాస్తా పెందలాడే ఆఫీసుకు బయలుదేరాడు. పదోన్నతి పరీక్షకు ఆయనకిక మిగిలింది ఒక్క అవకాశమే. ఇదివరకు రాసిన రెండుసార్లూ ముంచింది ఇంగ్లీషు మాటలే. లాటిన్ ధాతువులు ఓ నలభై పట్టుకుంటే ఇంగ్లీషు మాటలు వేలకొద్దీ వాటంతటవే లొంగుతాయని ఎక్కడో చదివి నడుం బిగించాడు.

రికార్డు గదిలోని నలభై బీరువాలకూ నలభై చీటీలు అంటించాడు. 'ఆక్వా: నీరు', 'రప్ట్: పగులుట', 'పోర్ట్: మోయుట'. వాటి మధ్య తిరుగుతూ వల్లె వేయాలని పథకం. మర్నాడే జ్వరం తగిలి నాలుగు రోజులు మంచమెక్కాడు. ఆ జ్వరంలోనూ ధాతువులే కలవరించాడు.

డిగ్రీ ఉండీ పదేళ్లుగా ఫైళ్లు మోస్తున్న అటెండరు ఆ చీటీలు చూసింది. ఇదేదో కొత్త పద్ధతి కాబోలనుకుంది. ఆవిడ పని మొదలుపెడితే సగంలో ఆపే మనిషి కాదు. కుళాయి దరఖాస్తులు ఆక్వాలోకి, గుంతల రోడ్ల ఫిర్యాదులు రప్ట్‌లోకి, లారీల పర్మిట్లు పోర్ట్‌లోకి చేర్చేసింది.

గుమాస్తా తిరిగొచ్చి చూసి లబోదిబోమన్నాడు. అటెండరు మీద కేకలేసేలోగా సూపరింటెండెంటు వచ్చి ఓ కుళాయి ఫైలు అడిగాడు. పూటంతా వెతికితే గాని దొరకని ఫైలు నిమిషంలో ఆయన చేతిలో ఉంది.

"ఎవరి ఆలోచన ఇది?"

"సార్ చీటీలేనండీ," అంది అటెండరు, గుమాస్తాను చూపిస్తూ.

సూపరింటెండెంటు పొంగిపోయి, పరీక్షలోగా పై అంతస్తు బీరువాలు కూడా ఇలాగే సర్దించమన్నాడు. కాదనాలంటే ఆఫీసులో చదువుకుంటున్నానని ఒప్పుకోవాలి. గుమాస్తా అలాగేనన్నాడు. పైగా ఏ ఫైలు ఎక్కడుందో ఆవిడకు తప్ప ఎవరికీ తెలియదు. "గోడ కూలిన ఫైలు ఎక్కడ పెట్టావమ్మా?" అంటూ రోజంతా ఆవిడ వెనకే తిరిగాడు. ధాతువులు మాత్రం వదల్లేదు, మెట్లెక్కుతూ కూడా గొణుక్కున్నాడు.

పరీక్షలో 'ఇంటరప్ట్'కు అర్థం అడిగారు. రప్ట్ అనగానే ఆయనకు మూడో బీరువా, కింది అర కళ్లకు కట్టాయి. అవే రాశాడు. పక్క వరసలో, డిగ్రీ అర్హతతో తానూ దరఖాస్తు పెట్టుకున్న అటెండరు తలెత్తకుండా రాస్తోంది.

ఫలితాల్లో ఆవిడ పేరు మొదట ఉంది. ఆయన పేరు ఎక్కడా లేదు. ఇంట్లో ఏం చెప్పాలో తోచక బీరువాల మధ్య చాలాసేపు నిలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది.

సోమవారం ఆవిడ సెక్షన్ అధికారిగా వచ్చి ఆయనకు చేతులు జోడించింది. "మీ చీటీలే నన్ను గట్టెక్కించాయి సార్. ఇక మీరు ఫైళ్ల కోసం తిరగొద్దు." ఆయన తన సీటు దగ్గరికి వెళ్లి చూస్తే కుర్చీకి ఆవిడ చేతిరాతతో కొత్త చీటీ ఉంది: 'సెడ్: కూర్చొనుట'.

ఆ ధాతువొక్కటీ ఆయన ఇక మర్చిపోలేదు.