శిలాఫలకం మీద లేని పేరు

ఒక పెద్ద అడవిలో అడవి కంటే పెద్ద ఆఫీసు ఒకటి ఉండేది. దాని పేరు మృగరాజు వారి గృహనిర్మాణ శాఖ. అందులో నారయ్య అనే గిజిగాడు తొమ్మిది వానాకాలాలు పనిచేశాడు.

గిజిగాడన్నాక గూడు అల్లాలి. కానీ ఆ ఆఫీసులో నారయ్య పని గూళ్ల బొమ్మలు గీయడం. గీసిన బొమ్మ మీద ఉడుత సంతకం పెట్టేది, ఆ తర్వాత ముంగిస, ఆ తర్వాత ఏనుగు. ఏనుగు దాకా వెళ్లేసరికి బొమ్మ గీసిన ఆకు ఎండి పొడైపోయేది. కొత్త ఆకు మీద మళ్లీ గీయమనేవారు. ఆ శాఖ కట్టిన ఇల్లు ఇంతవరకు ఒక్కటీ కూలలేదని అడవిలో మంచి పేరుండేది. కట్టింది ఒక్కటీ లేదన్న సంగతి ఎవరూ అడగలేదు.

ఒకరోజు నారయ్య రాజీనామా ఇచ్చి ఇంటికొచ్చాడు.

"ఇకమీదట సొంతంగా చేసుకుంటాను. ఎవరికి ఇల్లు కావాలంటే వాళ్లకి నేనే డిజైన్ గీసి, నేనే అల్లి ఇస్తాను" అన్నాడు.

ఆ మాట అన్నది భార్య రెల్లమ్మతో. గిజిగాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. మగపక్షి గూడు సగం అల్లాక ఆడపక్షి వచ్చి ఒక పోగు లాగి చూస్తుంది. పోగు జారితే ఎగిరిపోతుంది. జారకపోతే కాపురానికి ఉండిపోతుంది. అప్పట్లో నారయ్య గూటి పోగు లాగి చూసి రెల్లమ్మ ఉండిపోవడమే అతను జీవితంలో అందుకున్న ఒకే ఒక మెప్పు.

"మీకొచ్చిన పని మీరు చేసుకుంటానంటే నేనెందుకు వద్దంటాను? కానీ వానలు మొదలయ్యేసరికి గుడ్లు పొదగాలి. పని ఇచ్చేవాళ్లకి మీరంటూ ఒకరున్నారని తెలియాలి కదా" అంది.

వాగు ఒడ్డున ఒంటికాలి మీద నిలబడి, సొంత పనిలో పైకి రావడమెలాగో పాఠాలు చెప్పే కొంగ ఒకటుండేది. అది పుట్టి బుద్ధెరిగి ఒక్క గూడు అల్లిన పాపాన పోలేదు. నారయ్య వెళ్లి నమస్కారం పెట్టాడు.

"పని సంగతి తర్వాత, నాయనా. చిన్న పని ఒప్పుకోకు. పెద్ద పనైతే ఊరికే అయినా చెయ్యి" అంది కొంగ.

"ఊరికే చేస్తే తినేదేమిటి గురువుగారూ?"

"పేరు" అని చెప్పి, కొంగ ఒక చేపను మింగింది.

నారయ్య దగ్గరికి మొట్టమొదట వచ్చినవాడు ఎలుగుబంటి భద్రయ్య. నారయ్య ఐదు రోజులు కూర్చుని అతనికో ఇంటి డిజైన్ గీశాడు. భద్రయ్య దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"చాలా బాగుంది. ఒక్క చిన్న మార్పు. ఇది గూడులా ఉంది."

"మీరడిగింది గూడే కదండీ?"

"గూడే. కానీ చూడ్డానికి గుహలా ఉండాలి. లోపలికెళ్తే తేనెపట్టులా ఉండాలి. మా ఆవిడకి కిటికీ కావాలి, మా అమ్మకి కిటికీ పడదు."

నారయ్య పదకొండు సార్లు మార్చాడు. పన్నెండోసారి భద్రయ్య, "మొదట గీశావే, అదే బాగుంది. ఈలోగా మేం పాత గుహలోనే సర్దుకున్నాంలే. నీ సంగతి మాత్రం అందరికీ చెబుతాను" అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. "నారయ్య ఎంత మంచివాడంటే, ఎన్నిసార్లు మార్చమన్నా కిక్కురుమనడు" అని అడవంతా చెప్పాడు. మార్పులు చెప్పడం ఇష్టమున్న వాళ్లందరూ వచ్చారు.

అలాంటి రోజుల్లో మృగరాజు వారికి కొత్త సభామందిరం కావాలని చాటింపు వేశారు. సభ కార్యదర్శి జంబుకరావు అనే నక్క. 'డిజైన్ల పోటీ పెడుతున్నాం. గెలిచినవారికి గౌరవం' అని ప్రకటించాడు. పెద్ద పని, పైగా ఊరికే. కొంగ చెప్పినట్టే ఉంది.

నారయ్య ఇరవై రోజులు తిండీ నిద్రా మాని గీశాడు. తాటినారతో అల్లిన కప్పు, ప్రతి పోగుకీ నాలుగు ముళ్లు. ఎంత గాలి కొట్టినా ఊగాలే తప్ప ఊడకూడదు. జంబుకరావు దాన్ని చూసి కళ్లు మూసుకుని తలాడించాడు.

"అద్భుతం. మూలన నీ పేరు రాయి. అంత పెద్దగా వద్దు."

"అల్లేది కూడా నేనే కదండీ?"

"డిజైన్ వేరు, అల్లిక వేరు. కట్టే పని కాకిగారికి ఇచ్చాం."

ఆ కాకి కంట్రాక్టరు నక్కకి వరసకి బావమరిది. అదెలాగని ఎవరూ అడగలేదు. కంట్రాక్టుల్లో జాతి చూడరు.

"కాకులు అల్లవు కదండీ, పుల్లలు పేరుస్తాయి" అన్నాడు నారయ్య.

"కింద నుంచి చూస్తే రెండూ ఒకటే" అన్నాడు జంబుకరావు.

నారయ్య ఉండబట్టలేక పని జరిగే చోటికి వెళ్లాడు. కాకి పుల్లమీద పుల్ల వేస్తోంది.

"అన్నా, పోగుకి నాలుగు ముళ్లు వెయ్యాలి."

"వేస్తే బయటికి కనపడతాయా?"

"కనపడవు."

"కనపడనివాటితో మనకేం పని తమ్ముడూ?" అంది కాకి.

ఇంటికొచ్చాక రెల్లమ్మ అడిగింది. "ఒక పోగు లాగి చూశారా?"

"లాగాను."

"ఏమైంది?"

"ఊడి నా ముక్కుకొచ్చింది."

నారయ్య ఆ సంగతి జంబుకరావుకి చెప్పాడు. రాసి ఇమ్మన్నాడు. రాసిచ్చాడు. ఆ ఆకు సంతకాల కోసం గృహనిర్మాణ శాఖకి వెళ్లింది.

వేసవి చివర్లో ప్రారంభోత్సవం జరిగింది. గుమ్మం పక్కన శిలాఫలకం పెట్టారు. దాని మీద మృగరాజు, జంబుకరావు, ఏనుగు, కాకి మొదలుకుని రాయిని మోసుకొచ్చిన గాడిద దాకా అందరి పేర్లూ ఉన్నాయి. రెల్లమ్మ రెండుసార్లు చదివింది.

"రాతి మీద చోటు చాల్లేదేమో" అన్నాడు నారయ్య.

రెల్లమ్మ గూటికెళ్లిపోయింది.

మొదటి వానకే మందిరం కూలింది. సభ జరుగుతుండగానే కూలినా ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. సభ్యుల్లో ముగ్గురే వచ్చారు. ఆ ముగ్గురికీ నిద్రాభంగమైంది.

మృగరాజు గర్జించాడు. విచారణ సంఘం వేశారు. దానికి అధ్యక్షుడు జంబుకరావు. మూడు రోజుల్లో దోషం తేలింది. అది డిజైన్ దోషం. అదృష్టవశాత్తు డిజైన్ మూలన పేరు కూడా దొరికింది. శిలాఫలకాన్ని వాగులో పారేశారు. 'సభామందిరాన్ని కూల్చిన రూపశిల్పి నారయ్య' అని చిలకలు అడవి నాలుగు మూలలా ఏడు రోజులు చాటింపు వేశాయి.

గూట్లో అప్పుడే ముగ్గురు పిల్లలు పుట్టారు. నారయ్య వాళ్ల పక్కన రెక్కల్లో తల దూర్చుకుని కూర్చున్నాడు.

"నేను వేసిన ముడి ఇంతవరకు ఒక్కటీ జారలేదు. ఆ సంగతి నీకు తప్ప ఎవరికీ తెలియదు" అన్నాడు.

"నాకు తెలిస్తే చాలదా?"

"నాకు చాలు. వీళ్లకి గింజలెక్కడి నుంచి వస్తాయి? ఇక ఈ అడవిలో నాకు పనెవరిస్తారు? రెక్కలు రాగానే పక్క అడవికి పోదాం."

ఎనిమిదో రోజు పొద్దున్నే చెట్టు కింద అలజడి. నారయ్య తొంగి చూశాడు. అడవిలో సగం జంతువులు వరస కట్టి నిలబడ్డాయి. తనను కొట్టడానికొచ్చారనుకుని, పిల్లలకి అడ్డంగా రెక్కలు చాచాడు.

వరసలో ముందు భద్రయ్య. "నారయ్యగారూ, మా ఇల్లు తమరే డిజైన్ చెయ్యాలి" అన్నాడు చేతులు జోడించి.

గారు అనడం అదే మొదటిసారి.

"నా మీద పడ్డ నింద వినలేదా మీరు?"

"వినకేం! మృగరాజు వారి సభామందిరమండీ! అంత పని అల్లాటప్పా వాళ్ల చేతికిస్తారా? అంతెత్తు లేపినవారు కాబట్టే అంత చప్పుడుతో పడింది. అడవంతా మీ మాటే."

నారయ్య కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. "అయ్యా, దాన్ని కట్టింది నేను కాదు. కాకి. ముళ్లు వెయ్యలేదు. నేను బొమ్మ గీశానంతే."

భద్రయ్య మొహం వాడిపోయింది. "అంటే ఆ మందిరం మీది కాదా?"

"కాదండీ."

"క్షమించాలి. ఎవరో పెద్దవారనుకుని వచ్చాను" అని వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి, నారయ్య నిజం చెప్పిన కొద్దీ, వరసలో సగం ఖాళీ అయింది.

రెల్లమ్మ గూటి నోట్లోంచి తల బయటపెట్టింది. "ఇక వచ్చేవాళ్లకి ఏమీ చెప్పకండి."

"అబద్ధమాడమంటావా?"

"అబద్ధం వాళ్లే వెంట తెచ్చుకుంటున్నారు. మీరు కాదనకండి, అంతే."

పిల్లలు ముగ్గురూ నోళ్లు తెరుచుకుని ఉన్నారు. నారయ్య తర్వాతి జంతువుకి ఏమీ చెప్పలేదు.

ఆ ఏడాది అతనికి ఊపిరాడలేదు. 'తమకు తెలియదా' అంటూ ఎవరూ ఒక్క మార్పూ అడగలేదు. ప్రతి ఇంటికీ పోగుకి నాలుగు ముళ్లూ తన ముక్కుతోనే వేశాడు. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరారు. కొంగ ప్రతి పాఠంలోనూ అతన్ని తన శిష్యుడిగా చెప్పుకుంది.

చివరికి జంబుకరావే వచ్చాడు. "గతం గతః, నారయ్యగారూ. మళ్లీ మందిరం కట్టాలి. అనుభవమున్నవారు కావాలి. మందిరం కూల్చిన అనుభవం ఈ అడవిలో మీకొక్కరికే ఉంది."

"అల్లేది నేనే అయితే ఒప్పుకుంటాను" అన్నాడు నారయ్య. ఈసారి ఆ మాటకి జంబుకరావు ఎదురు చెప్పలేదు.

నారయ్య ఆరు నెలలు అల్లాడు. మందిరం లేచింది. వానలొచ్చాయి, వెళ్లాయి. గాలివానలొచ్చాయి, వెళ్లాయి. కప్పు కింద సభ్యులు హాయిగా నిద్రపోయారు. ఒక్క చుక్క కారలేదు, ఒక్క పుల్ల రాలలేదు. చిలకలకి చాటడానికేమీ దొరకలేదు.

మూడో ఏడు గడిచేసరికి చెట్టు కింద వరస పలచబడింది. నాలుగో ఏడు ఎవరూ రాలేదు. ఇల్లు కట్టుకుందామనుకున్న ఒక కొత్త కాపురం జంట నారయ్య గురించి భద్రయ్యని వాకబు చేసింది.

"నారయ్యా? ఒకప్పుడు పెద్ద పేరున్నవాడే. ఈమధ్య ఏమీ చేస్తున్నట్టు లేదు" అన్నాడు భద్రయ్య.

నీతి: పేరు కావాలంటే పెద్ద మందిరమే కట్టు, అది నిలబడకుండా మాత్రం చూసుకో.