టెంక వినని తీర్మానం

మామిడిని పండించేది చెట్టు అనుకుంటున్నారా? ఎంత అమాయకులండీ మీరు! పండించేది సంఘం. నూజివీడులో మా వీధి మామిడి వర్తకులం ఆరుగురం కలిసి పెట్టుకున్న సంఘం. అధ్యక్షుణ్ణి నేనే, పాండురంగారావుని.

ఈ జ్ఞానం మా మేనకోడలు దీప్తి పెట్టిన భిక్ష. పిల్ల ఫిలాసఫీ ఎమ్మే చదువుతోంది. ఉగాదికి వచ్చినప్పుడు, "మనం సహజం అనుకునేవి చాలావరకు సమాజం కట్టుకున్నవే మావయ్యా" అంది. దాన్ని సోషల్ కన్‌స్ట్రక్టివిజం అంటారట. అబ్బ, ఎంత చల్లటి మాట! ఇన్నాళ్లూ నేను చేసేది మోసం అనుకుని లోలోపల కుమిలిపోయాను. కాదట, ఫిలాసఫీ అట!

వెంటనే మీటింగ్ పెట్టాం. చిన్నరసాలు ఏప్రిల్ మొదటి వారానికే పండినట్టు ఆరుగురం చేతులెత్తాం. మే దాకా ఆగమనడానికి ఎండ ఎవరండీ, మా సంఘంలో మెంబరా? పెట్టెకో కార్బైడ్ పొడి పొట్లం వేస్తే రెండ్రోజుల్లో పసుపు రంగు! పసుపుగా ఉంటే పండేనని సిటీలో కొనేవాళ్లూ ఒప్పుకున్నారు. ఇంతమంది ఒప్పుకున్నాక ఇంకేం కావాలి?

ఒక్క చిన్నయ్యే ఒప్పుకోలేదు. ఇరవై ఏళ్లుగా మా తోటలో కాయ కోసే మనిషి. ఒక కాయ కోసి, చీల్చి చూపించాడు.

"టెంక ముదరలేదండీ. నేను కొయ్యనండీ."

ఇతనిది ప్రకృతివాదం అన్నమాట. పాతకాలం మనిషి! తీర్మానం కాపీ చూపించాను. టెంక అలాగే ఉంది. ఇక పనిలోకి రావద్దని చెప్పేశాను.

ఈ సంగతి దీప్తికి ఫోన్లో గొప్పగా చెబితే, "అయ్యో మావయ్యా! సమాజం కట్టేది పేర్లని, మర్యాదల్ని. టెంకని కాదు!" అని మొత్తుకుంది. ఇంకా ఫైనలియర్‌కి రాలేదుగా, మెల్లగా తెలుస్తుందిలెండి.

గొడవ మా ఇంట్లో మొదలైంది. మే నెల వచ్చింది, "మనకి పండ్లేవండీ?" అంది మా ఆవిడ కమల. ఏటా మా బావి పక్క చెట్టుని చిన్నయ్యే చూసుకుని, కాయ ముదిరాక కోసి, గడ్డిలో మాగేసి తెస్తాడు. జుర్రుకుంటే రసం మోచేతి దాకా కారుతుంది!

చిన్నయ్య ఇంటికెళ్లాను. నెలరోజులుగా పనిలేక అరుగు మీదే కూర్చున్నాడు. సంఘంలో మిగతా అయిదుగురూ పనికి పిలవలేదట. మరి తీర్మానం తీర్మానమే కదా!

"ఆ ఒక్క చెట్టూ కోసిపెట్టు చిన్నయ్యా" అన్నాను.

"పండాయని ఆరుగురూ చేతులెత్తారు కదండీ" అన్నాడు నవ్వుతూ. "ఆ పెట్టెల్లోవే తినండి."

చూశారా ఎంత పొగరో! తినమంటాడేంటండీ? అవి అమ్మడానికి కదా!