పులిగారి కోసం ప్రార్థన

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున, సాధుజంతువులు కట్టుకున్న ప్రార్థన మందిరం ఒకటి ఉండేది. గోడలున్నాయి గానీ కప్పు లేదు. వానొస్తే అందరూ తడుస్తూనే పాడేవారు. పాస్టరు జీవరత్నంగారు గాడిద. తప్పిపోయిన గొర్రెపిల్ల సంగతి ఆయన చెబుతుంటే కుందేళ్ళు కూడా ముక్కు చీదుకునేవి.

అడవినేలే పులి, కప్పు నేను వేయిస్తానంది. బదులుగా పెద్దగా ఏమీ అడగలేదు, పాపం. ఏలినవారి కోసం చేసే ప్రార్థనలో తన పేరు కాస్త నిదానంగా చెప్పమంది. తనకో కుర్చీ వేయమంది.

కప్పు పడింది. గుమ్మానికి పులి జెండా కట్టారు. ప్రసంగంలో గొర్రెపిల్ల చిక్కిపోయింది, పులి ఒళ్ళు చేసింది. ఆ చారలు దేవుడే వేలితో గీశాడని అయ్యగారు చెబితే అందరూ తలలూపారు. పులి కోసం ప్రార్థన వారం వారం సాగుతూ పోయింది. మధ్యలో కళ్ళు తెరిస్తే భక్తి లేదనుకుంటారని ఎవరూ తెరిచేవారు కాదు.

ఒక ఆదివారం ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి జింక కృపమ్మ పక్కన పిల్ల లేదు. అడవంతా వెతికి అయ్యగారి దగ్గరికి వచ్చింది.

"ప్రార్థనలో ఉండగానే పోయిందయ్యగారూ."

"ప్రార్థనలో పోయినవాళ్ళు పరలోకానికే పోతారమ్మా."

"మరి పులిగారి మూతికి ఆ ఎరుపేమిటి?"

జీవరత్నంగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏలినవారిని అనుమానిస్తే, ఆయన్ని అక్కడ కూర్చోబెట్టిన దేవుణ్ణి అనుమానించినట్టే. ఇంటికెళ్ళి పశ్చాత్తాపపడు."

మరుసటి ఆదివారం కృపమ్మ కళ్ళు మూయలేదు. అయ్యగారు పులి దయాగుణాన్ని స్తుతిస్తుండగా పులి మెల్లగా కుర్చీ దిగి, వెనక వరసలో కోడి మెడ పట్టుకుంది.

"పులిగారు కోడిని తింటున్నారు, కళ్ళు తెరవండి" అంది కృపమ్మ.

పులిగారి పేరు వినబడగానే అలవాటుగా అందరూ ఆమేన్ అన్నారు.

ఇక ఆమె అరవలేదు. ఒక్కొక్కరినీ మూతితో పొడుస్తూ నడిచింది. కళ్ళు తెరిచినవాళ్ళు చప్పుడు చేయకుండా ఆమె వెంట ఏటి దగ్గరికి పోయారు. అక్కడ వానలో నిలబడి, ఆమె పిల్ల పేరు పైకి చెప్పి అందరూ ఏడ్చారు.

మందిరంలో ప్రార్థన ఆగలేదు. కొన్ని వారాలకు జీవరత్నంగారు ప్రార్థన ముగిస్తే ఆమేన్ అన్నది ఒక్క గొంతే. అది చాలా దగ్గరగా వినబడింది.

నీతి: కళ్ళు తెరిచి ప్రార్థించేవాళ్ళకు ఎవరూ కప్పు వేయించరు.