కొంచెం ఓడిపో

ఏరు పొంగి పోస్టాఫీసు మూడో మెట్టు దాకా వచ్చిన వరద తర్వాత నాలుగో ఏడు అది. ఆ ఏడే శాసనసభ ఎన్నికలు. ఒక పొద్దున దర్జీ పెట్టుకున్న పని ఒక్కటే, బావమరిది పార్టీ జెండాలకు అంచులు మడిచి కుట్టడం. నోరు విప్పక్కర్లేని పని గనక ఆయనకు ప్రాణం. పెళ్లయిన ముప్పై ఏళ్లలో భార్యతో ఆయన ఆడిన మాటలన్నీ ఒక జేబు రుమాలులో మూట కట్టొచ్చు.

బావమరిది అప్పటికి రెండుసార్లు గెలిచాడు. దర్జీ భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. ఆవిడకు ఆ తమ్ముడి సీటు తన మెడలో గొలుసు లాంటిది, పోతే పరువే పోయినట్టు. ఆ పొద్దున అతను దర్జీ కొట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఖర్చులకు డబ్బు పంపమని పార్టీ కార్యదర్శిని ఫోన్లో బతిమాలుతున్నాడు. కార్యదర్శి గొంతు మిషను చప్పుడు దాటుకుని మరీ వినిపిస్తోంది.

"నిండు కుండలో నీళ్లు పొయ్యమంటావేంటయ్యా? నువ్వెలాగూ గెలుస్తావు. ఓడే చోట పోస్తే బూడిదలో పోసిన పన్నీరు. నువ్వా నేనా అన్నట్టున్న చోటికే ఈసారి డబ్బు. బుధవారం సర్వే వాళ్లొస్తారు. వాళ్ల కాగితం ఎలా చెబితే అలా."

బావమరిది ఫోను పెట్టేసి నీరుగారిపోయాడు. "గెలిచేవాణ్ణని నన్ను పస్తు పెడుతున్నారు బావా! జీపులో డీజిల్ లేదు, మైకు బండివాడు మొహం చాటేశాడు. ఏం చెయ్యను?"

దర్జీ సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా అన్నాడు. "అయితే కొంచెం ఓడిపో."

"కొంచెమా?"

"సగం."

బావమరిది లేచి ఆయన్ని కౌగిలించుకున్నంత పని చేశాడు. దర్జీకి జీవితంలో మొదటిసారి తన తెలివి మీద తనకు గౌరవం కలిగింది. ఆ గౌరవమే కొంప ముంచింది.

ఎంచుకున్నవి ఐదే ఇళ్లు. మంగలి, మందుల కొట్టాయన, ఇస్త్రీ బండావిడ, ఇంకో ఇద్దరు. దర్జీ ఒక్కొక్కరి గుమ్మంలో నిలబడి ఒకే ముక్క చెప్పి వచ్చాడు. "సర్వే వాళ్లొస్తే మావాణ్ణి తిట్టండి." ఎందుకో చెప్పలేదు. ఎంతవరకో చెప్పలేదు. మిగతా వాళ్లతో అనొద్దని అసలే చెప్పలేదు. అన్ని మాటలు ఆయన దగ్గర లేవు. భార్యకైతే ఆ ఒక్క ముక్క కూడా ఖర్చు పెట్టలేదు.

గెలిచినవాణ్ణి తిట్టమని సొంత బావే వచ్చి అడగడం ఆ వీధి ఎన్నడూ ఎరగదు. మంగలి నోట్లో నువ్వు గింజ నానదు. గడ్డానికి కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. బుధవారం సర్వే ఆవిడ అట్టా కలమూ పట్టుకుని వీధి మొదట్లో అడుగు పెట్టేసరికి జనం వరసలో నిలబడి ఉన్నారు.

"నాకు రెండు తిట్లు రాసుకోండమ్మా, మా ఆవిడ ఊళ్లో లేదు" అన్నాడొకాయన.

ముందు మొక్కుబడిగానే తిట్టారు. తిట్టే కొద్దీ నిజాలు గుర్తుకొచ్చాయి. ఎండిపోయిన కుళాయి గుర్తొచ్చింది. రెండేళ్లుగా వెలగని దీపం గుర్తొచ్చింది. ఇస్త్రీ బండావిడకు తిడుతూ తిడుతూ ఏడుపే వచ్చింది. సర్వే ఆవిడ కాగితాలు అయిపోయి అట్ట వెనక రాసుకుంది.

ఆఖరున దర్జీ కొట్టుకు వచ్చింది. "ఈసారి ఎవరు గెలుస్తారండీ?"

దర్జీ మూడు రోజులుగా కూడబెట్టుకున్న వాక్యం అప్పజెప్పాడు. "మా బావమరిదా? డిపాజిట్ దక్కితే గొప్ప."

ఆవిడ 'సొంత బావ' అని రాసి కింద రెండు గీతలు గీసింది. ఆ గీతలు పూర్తయ్యేలోపే లోపలి గుమ్మంలో చెంబు కింద పడింది. దర్జీ భార్య నిలబడి ఉంది.

"ఏవండీ! నా తమ్ముణ్ణి పట్టుకుని అంత మాటంటారా?"

"అది కాదే..."

"ఏది కాదు?"

ఏది కాదో చెప్పాలంటే తక్కువలో తక్కువ ముప్పై మాటలు కావాలి. ఆవిడ నాలుగు చీరలు సంచిలో కుక్కుకుని తమ్ముడింటికి బయలుదేరింది. దారి పొడుగునా ఆపినవాళ్లకూ ఆపనివాళ్లకూ చెప్పుకుంటూ పోయింది. సాయంత్రానికి ఊరంతా ఒకటే మాట. "సొంత బావే కాదన్నాడంటే ఇంక అతని పని అయిపోయినట్టే."

రెండు రోజుల్లో కార్యదర్శి ఫోను చేశాడు. "సగం సగం ఉంటే పంపేవాణ్ణే. నీది మునిగిపోయిన పడవ. నూటికి ఎనభై ఎనిమిది మంది తిట్టారు! అందులో మీ బావ ఒకడు!" అని ఠపీమని పెట్టేశాడు.

ఉన్నదీ పోయె, ఉంచుకున్నదీ పోయె అనుకుంటే, ఇంకా పోవలసింది మిగిలే ఉంది. ఎదుటి పార్టీ ఆ సీటును ఎప్పుడో వదిలేసుకుంది. పేరుకు నిలబెట్టిన కోళ్ల ఫారమాయన నామినేషను వేసి మళ్లీ కోళ్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఈ కబురు చెవిన పడగానే వాళ్లూ ఒక సర్వే చేయించారు, ఎగిరి గంతేశారు. పక్క మూడు నియోజకవర్గాలకు పంపాల్సిన డబ్బంతా తెచ్చి ఇక్కడే కుమ్మరించారు. తొమ్మిది మైకు బండ్లు దిగాయి. కోళ్ల ఫారమాయన జన్మలో మొదటిసారి ఇస్త్రీ చొక్కా తొడిగాడు.

వాళ్ల మనుషులు నలుగురు బట్ట తానులు మోసుకుని దర్జీ దగ్గరికే వచ్చారు. "మీకు ఆయన మీదున్న మంట మాకు తెలుసులేండి పెద్దాయనా. వెయ్యి జెండాలు కుట్టిపెట్టండి."

కుదరదని చెప్పడానికి దర్జీ మాటలు వెతుక్కుంటున్నాడు. ఆయన వెతుక్కునేలోపే మౌనం అర్ధాంగీకారం అంటూ వాళ్లు తానులు దించేసి పోయారు. సరిగ్గా అప్పుడే మరచిపోయిన కళ్లజోడు కోసం భార్య వచ్చింది. ఎదుటి పార్టీ రంగు బట్ట ఇంటి కప్పు దాకా పేర్చి ఉండడం చూసింది. ఏమీ అనలేదు. ముప్పై ఏళ్లలో ఆయన నేర్పిన విద్య ఆయన మీదే వాడింది.

దర్జీ ఆ తానుల మీద కత్తెర పెట్టలేదు. పెట్టలేదని ఎవరికీ చెప్పనూ లేదు.

బావమరిది కాళ్లరిగేలా ఇల్లిల్లూ తిరిగాడు. దర్జీ కూడా మంగలి దగ్గరికి వెళ్లి, "ఇక చాలు, మానెయ్యండి" అన్నాడు.

"తిట్టమన్నది మీరే కదా?" అన్నాడు మంగలి, కత్తి నూరుకుంటూ. "మీరు తిట్టమన్నారని తిట్టాం. తిట్టాక మా చెవులతో మేమే వింటే, నిజమే కదా అనిపించింది."

నూట నలభై ఓట్ల తేడాతో బావమరిది ఓడిపోయాడు. నిజంగానే నువ్వా నేనా అన్నట్టు ఓడిపోయాడు.

ఫలితాలొచ్చిన సాయంత్రం అతని ఇంటి వరండాలో కుర్చీలన్నీ ఖాళీ. అక్క ఒక మూల, బావ ఒక మూల. ఫోను మోగింది. తిట్లు అందరూ వినాల్సినవే అని అతను దాన్ని బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కాడు. అవతల కార్యదర్శి నవ్వుతున్నాడు.

"శభాష్! వాళ్ల డబ్బంతా నీ ఊళ్లోనే తగలేశారయ్యా! అవతల మూడు చోట్లా చేతిలో చిల్లిగవ్వ లేక చతికిలపడ్డారు. మూడూ మనవే! ఒకటి పోతే మూడొచ్చాయి. ఈ ఎత్తు ఎవరిది?"

బావమరిది దర్జీ వైపు చూశాడు. "మా బావదండీ. సర్వేలో కొంచెం తిట్టించమన్నాడు."

అక్క మొగుడి వైపు తిరిగింది. "మీరు కావాలనే అన్నారా ఆ మాట? ముందే నాకు చెప్పొచ్చుగా?"

"నువ్వడగలేదుగా" అన్నాడు దర్జీ.

కార్యదర్శి ఇంకా పొంగిపోతున్నాడు. "వచ్చేసారీ నువ్వే నిలబడాలి. ఎంత కావాలంటే అంత పంపిస్తాం."

బావమరిది మొహం వెలిగింది. "గెలవడానికేనా అండీ?"

"ఛఛ! ఇలాగే."

మర్నాడు పొద్దున దర్జీ కొట్టు తుడిచి, తన మిషను పక్కన రెండో పీట వేశాడు. వరండాలో ఒంటరిగా కూర్చోలేక బావమరిది ఎనిమిదింటికే వచ్చి దాని మీద కూలబడ్డాడు. దర్జీ ఒక చొక్కా, ఆరు బొత్తాలు, సూది అతని ఒళ్లో పెట్టాడు.

"నాకు రాదు బావా."

"రాని పనిలో వేలు పెట్టడం మనకు కొత్తేం కాదుగా, కానివ్వు" అన్నాడు దర్జీ. అంత పొడుగు మాట ఆయన ఆ తర్వాత మళ్లీ ఆడలేదు.

మధ్యాహ్నానికి ఆరు బొత్తాల్లో నాలుగు ఊడిపోయాయి, మిగిలిన రెండూ నువ్వా నేనా అన్నట్టు వేలాడాయి.