నెమలికంఠం రంగు బంపర్

"స్త్రీ చేతికి స్టీరింగు అందిన నాడే దేశం ముందుకు కదులుతుంది!"

ఈ మహావాక్యాన్ని మార్చి ఎనిమిదో తారీఖున, నల్లగొండలో మా కాలనీ సంఘం వేదిక మీద నుంచి లోకానికి ప్రకటించినవారు సంఘం అధ్యక్షులు, డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పే కృష్ణకాంత్ సారు. చప్పట్లు మోగిపోయాయి. ముందు వరుసలో కూర్చుని నేనూ కొట్టాను. సారు నాకు స్వయానా భర్త. ఆయన ఆ మాట అంటున్నప్పుడు మా తెల్లకారు తాళాలు రెండూ, అసలుదీ మారుదీ, ఆయన ప్యాంటు జేబులోనే ఉన్నాయి.

నాకు లైసెన్సు ఉంది. పెళ్లికి ముందే రామన్నపేటలో మా బాపు జంగయ్య నాకు ట్రాక్టరు నేర్పాడు. ఆ ధైర్యంతోనే కారూ నేర్చుకుని, పరీక్ష ఇచ్చి, లైసెన్సు తెచ్చుకున్నాను. పెళ్లయిన నాటి నుంచి అది బీరువాలో పట్టుచీరల కింద భద్రంగా ఉంది.

మర్నాడు బాపును నల్లగొండ దవాఖానలో చూపించాలి. కంట్లో పువ్వు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నేనే పోయి కారులో తీసుకొస్తానని తాళం అడిగాను.

"లారీలు ఎట్ల ఉరుకుతున్నయో చూస్తలేవా? మీ బాపు బస్సుల వస్తడు తియ్యి," అన్నారు సారు.

మరి నిన్నటి స్టీరింగు సంగతేమిటని అడిగాను. అది సిద్ధాంతమట, ఇది కారట. సిద్ధాంతానికి గీతలు పడవు, కారుకు పడతాయని నాకు విపులంగా బోధించి, ఆ విసురులోనే కారెక్కి, వెనక్కి తీసి, మా గేటుకే కొట్టారు. వెనక బంపర్ ఎడమ మూల జానెడు మేర గీక్కుపోయింది. మా గేటుకు వేయించింది నెమలికంఠం రంగు. ఆ నీలం తెల్ల బంపర్‌కు దట్టంగా అంటుకుంది.

చప్పుడు విని ఎదురింటి నర్సింగమ్మ బయటికొచ్చింది. సారు దిగి, బంపర్‌ను చూసి, నన్ను చూసి, తల అడ్డంగా ఊపారు.

"ఏం జెయ్యాలె అక్కా, ఆడోళ్లకు తాళమిస్తే గిట్లనే అయితది."

నేను అప్పుడు వాకిట్లో చీపురు పట్టుకుని ఉన్నాను. చీపురు చేతిలో ఉండగా కారెట్లా నడిపానన్న అనుమానం నర్సింగమ్మకు రాలేదు. సాయంత్రానికల్లా కాలనీ ఆడవాళ్లంతా వచ్చి నన్ను ఓదార్చి, ఇకముందు అలాంటి పనులు పెట్టుకోవద్దని చెప్పి, చాయ్ తాగి పోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. బాపు బస్సులోనే వచ్చాడు, బస్సులోనే పోయాడు.

బస్టాండు వెనక డెంటింగు, పెయింటింగు చేసే సాల్మన్ దగ్గరికి కారు తీసుకుపోయాం. సాల్మన్ బంపర్‌ను బొటనవేలితో రుద్ది చూశాడు.

"గీ నీలమంత ఉత్త గేటు రంగే సార్. థిన్నరు పెట్టి తుడిస్తే పోతది. కింద జరంత గీక్కుంది, గంతవరకే పుట్టీ వెట్టి రంగు కొడ్త. చిన్న పని."

అతను చెప్పిన ధర కూడా చిన్నదే. కానీ సారు చవకను ఇష్టపడరు, ఉచితాన్ని ఇష్టపడతారు. ఏటేటా బీమా కడుతున్నామని, అది ఒక్కసారైనా అక్కరకు రావద్దా అని ఆయన వాదన. ఆ రాత్రే బీమా ఏజెంటు దివాకర్ మా ఇంట్లో సోఫాలో కూర్చున్నాడు.

సొంత గేటుకు గుద్దుకున్నట్టు రాస్తే అధ్యక్షులవారి ఇజ్జత్ ఏం కావాలని దివాకరే అడిగాడు. తొవ్వలో ఏదో జీవం అడ్డమొచ్చిందని రాద్దామన్నాడు. ఏ జీవం అన్న దాని మీద చాలా గంభీరమైన చర్చ జరిగింది. కుక్క అయితే లెక్చరర్ హోదాకు తక్కువ. మేకకు యజమాని ఉంటాడు, రేపే వచ్చి గల్లా పట్టుకుంటాడు, ఎంత బక్క మేకైనా చచ్చిందంటే మందలో అదే మంచిదవుతుంది. బర్రె సంగతి అసలు ఎత్తొద్దు, దాని వెనక ఊరంతా వస్తుంది. పైగా బంపర్ మీద ఈ నీలం ఏమిటని అడిగితే ఏం చెప్పాలి?

సారు కళ్లు మూసుకుని ఆలోచించి, తెరిచి అన్నారు: "నెమలి. దానికి ఓనరుండడు."

అలా రాశారు. రామన్నపేట తొవ్వలో నెమలి అడ్డం వచ్చిందని, దాన్ని కాపాడబోయి బండి తిప్పితే వెనక బంపర్ రాయికి గీక్కుందని, రెక్క తగిలి నీలం అంటిందని. నెమళ్లేమీ రంగు వేయించుకుని తిరగవని నేను చెబుదామనుకున్నాను, కానీ నన్ను అడిగిందెవరు? ఇంకో విశేషం గమనించాను. నర్సింగమ్మ ముందు ఆ కారు నడిపింది నేను. నెమలి అడ్డం రాగానే నడిపింది సారు అయిపోయారు.

దివాకర్ ఊరుకునే మనిషి కాదు. పేపర్లో పనిచేసే దోస్తుకు చెప్పాడు. మా పూజగదిలో కృష్ణుడి పటానికి దోపిన నెమలీకను సారు పీక్కొచ్చి బంపర్ గీతలో గుచ్చి, పక్కన నిలబడి ఫొటో దిగారు. తెల్లారేసరికి జిల్లా పేజీలో "జాతీయ పక్షికి ప్రాణదానం" అని వచ్చింది. అధ్యక్షుణ్ణి సన్మానించాలని కాలనీ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తీర్మానం రాసింది అధ్యక్షుడే.

మా దగ్గర సన్మానానికి ఒక పద్ధతి ఉంది. సన్మానం జరిగే మనిషే శాలువా, మెమెంటో కొని, ముందురోజే కార్యదర్శికి అప్పజెప్పి, వేదిక మీద వాటిని చూసి ఆశ్చర్యపోవాలి. సారు చాలా బాగా ఆశ్చర్యపోయారు. వేదిక పక్కన మా కారు, దాని బంపర్‌కు బంతిపూల దండ. ఆ మధ్యలో ఓ రోజు సాల్మన్ వచ్చి పని మొదలుపెట్టమంటారా అని అడిగితే, ఈ గీత తుడిస్తే చరిత్ర తుడిచినట్టేనని పంపించేశారు.

ఈలోగా బాపు ఆపరేషన్ రోజు ఖాయమైంది. కట్టు కట్టిన కన్నుతో బస్సులో ఎట్లా పోతాడని, తాళం ఇమ్మని మళ్లీ అడిగాను. బీమావాళ్లు చూసేదాకా బండి కదలొద్దట. ఏడుపొచ్చింది. ట్రాక్టరు మీద ఒడిలో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించిన మనిషికి నేను చేయగలిగింది బస్సు టికెట్టు కొనడమేనా అనిపించింది.

ఆ మర్నాడే మా గేటు ముందు బండి ఆగింది. అటవీ శాఖ బీట్ ఆఫీసర్ విజేందర్ దిగాడు. చేతిలో ఆ పేపరు. ఓనరు లేడనుకున్న నెమలికి ఏకంగా సర్కారే ఓనరని అప్పుడు తెలిసింది.

సన్మానం రెండో విడతేమో అనుకుని సారు శాలువా సర్దుకున్నారు. విజేందర్ కూర్చోలేదు.

"రాలిన ఈకైతే ఫికర్ లేదు సార్. దెబ్బ తాకి ఊడిన ఈకైతే కేసైతది. పక్షి బతికుందో లేదో చూడాలె. బండెవరు నడిపిన్రు?"

సారు నా వైపు వేలు చూపించారు.

"మా మిసెస్ నడిపింది సార్. నేను పక్కకు కూసున్న."

నాకు కోపం వచ్చింది. చెప్పలేనంత వచ్చింది. నోరు తెరిచాను కూడా. అప్పుడు సారు జేబులో తాళాలు గలగలమన్నాయి. ఆ చప్పుడు వినగానే నా కోపం తోవ మార్చుకుంది.

"అవు సార్, నేనే నడిపిన," అన్నాను. "గా ఒక్కనాడే కాదు, రోజూ నేనే నడుపుత. నమ్మకం లేకుంటే మా సారునే రాసియ్యమనుండ్రి."

సారు సంతోషంగా రాసిచ్చారు. కేసు తన మీదికి రాకుండా ఉండాలంటే ఎంత గట్టిగా రాయాలో అంత గట్టిగా రాశారు. ఈ కారును ప్రతిదినము నా భార్య నవనీతయే నడుపును, ఆమెకు లైసెన్సు గలదు, ఆమె నైపుణ్యము మీద నాకు సంపూర్ణ విశ్వాసము కలదు. కింద సంతకం, హోదా, సంఘం ముద్ర. సాక్షిగా, బండి చప్పుడు విని ఎదురింటి నుంచి వచ్చిన నర్సింగమ్మ సంతకం. నేను బీరువాలోంచి లైసెన్సు తెచ్చి చూపించాను.

తర్వాత విజేందర్‌ను వాకిట్లోకి పిలిచాను. "నెమలి గిక్కడున్నది సార్," అని గేటు మూల చూపించాను. నీలం లేచిపోయి, అక్కడ మా కారు తెలుపు జానెడు మేర అంటుకుని ఉంది. విజేందర్ గేటును చూశాడు, బంపర్‌ను చూశాడు, గడప మీద నిలబడ్డ సారును చూశాడు. ఈక కృష్ణుడి పటానిదని కూడా చెప్పాను.

"దెబ్బ నెమలికే బాగ తాకినట్టుంది మేడం," అని నవ్వు ఆపుకుంటూ, సారు రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు. "కేసే లేదు, ఇది నాకెందుకు? మీ కాడనే ఉంచుకోండ్రి."

లైసెన్సు నా పర్సులోకి వచ్చింది. దాని స్థానంలో పట్టుచీరల కిందికి ఆ కాగితం పోయింది.

ఆపరేషన్ నాటి పొద్దున నేను చెయ్యి చాపాను. ఎటని అడిగారు సారు.

"రోజూ నడుపుతదని సంతకం పెట్టి రాసిన్రు గద. అధ్యక్షులు అబద్ధం రాసిన్రని నలుగుట్ల తెలిస్తే బాగుంటదా?"

ఆయన తాళం ఇచ్చారు. మారు తాళం కూడా అడిగి తీసుకున్నాను.

బాపును కారులోనే తీసుకొచ్చాను, కారులోనే రామన్నపేటలో దింపాను. ఒక కంటికి కట్టుతో ముందు సీట్లో కూర్చుని, "లారీ అచ్చినా జరుగుతలేవు, నా బిడ్డవే," అని తొవ్వంతా మురిసిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు సాల్మన్ దగ్గర ఆగాను. నీలం థిన్నరుకు పోయింది, మిగిలిన బెత్తెడు గీతకు పుట్టీ, రంగు. మొదటిరోజు చెప్పిన ధరే తీసుకున్నాడు. సారు బీమా దరఖాస్తును చప్పుడు కాకుండా వెనక్కి తీసుకున్నారు.

మళ్లీ మార్చి ఎనిమిది వచ్చింది. "నా భార్య చేతికి స్టీరింగు అందించినవాణ్ణి నేను!" అని సారు వేదిక మీద ప్రకటించారు. చప్పట్లు మోగిపోయాయి, కార్యదర్శి శాలువా కప్పాడు, సారు ఆశ్చర్యపోయారు.

ఆ శాలువా కొనడానికి ముందురోజు ఆయన్ను దుకాణానికి తీసుకుపోయింది నేనే. ఏ రంగు బాగుంటుందని నన్నే అడిగారు. నెమలికంఠం తీయించాను.