పరబ్రహ్మంగారి ఫారిన్ బ్రేకులు

పరబ్రహ్మంగారి పాత ఫియట్ కారు బయల్దేరడానికి ఎప్పుడూ మొండికేయలేదు. ఆగడానికే మొండికేసేది.

లాల్‌దర్వాజాలో గుడి దగ్గర బ్రేకు తొక్కితే పాలదుకాణం దాటాక ఆగేది. అందుకని ఆయన భార్య బాలత్రిపురసుందరి, ఇల్లు ఇంకా మూడు సందుల దూరం ఉందనగానే "ఇక తొక్కండి" అని మొదలుపెట్టేది.

"మా తెనాల్లో ఎద్దులు కూడా హో అంటే ఆగుతాయండీ!"

"ఎద్దులకి ప్రాణం ఉంది. కారుకి లేదు."

"కారుకి లేదు సరే. లోపల కూర్చున్న మనకి ఉందిగా!"

పరబ్రహ్మంగారు నీటిపారుదల ఆఫీసులో సూపరింటెండెంటు. ఎంత పరుగుమీదున్న ఫైలునైనా ఆయన టేబుల్ మీద ఆపగలడని పేరు. అలాంటి మనిషి కారు ఆపలేకపోవడం ఆయనకే అవమానంగా ఉండేది. దానికి తోడు పదిరోజుల్లో అత్తగారు కోటేశ్వరమ్మ తెనాలి నుంచి వస్తున్నారు. అల్లుడి కారెక్కాలని ఆవిడ ముచ్చట.

అప్పుడే, అంటే ఎనభై మూడో సంవత్సరం ఎండాకాలంలో, ఆఫీసులో శ్రీహరిరావు ఒక ఇంగ్లీషు పత్రిక చూపించాడు. మన కార్ల చక్రాల్లో ఉండేది డ్రమ్ము బ్రేకు, అంటే మూతపెట్టిన డబ్బాలాంటిది. విదేశీ కార్లకి డిస్కు బ్రేకులు వస్తున్నాయి. చక్రంతోపాటు ఒక ఇనప పళ్ళెం తిరుగుతుంది. బ్రేకు తొక్కగానే రెండు దిమ్మలు దాన్ని చెరోవైపు నుంచి నొక్కి పట్టుకుంటాయి.

"పళ్ళెం దొరికితే మన కారుకీ పెట్టొచ్చు కదా?" అన్నారు పరబ్రహ్మంగారు.

"అన్నం తిన్నంత తేలిక," అన్నాడు శ్రీహరిరావు. వాడికి సైకిలు కూడా లేదు.

పురానాపూల్ దగ్గర పాత సామాన్ల దుకాణంలో ఏదో పెద్ద ఫారిన్ కారు తాలూకు పళ్ళేలు రెండు, వాటి దిమ్మలతో సహా దొరికాయి. ఆయన వాటిని పేపర్లలో చుట్టి, చప్పుడు కాకుండా ఇంట్లోకి తెచ్చి, మంచం కిందకి తోస్తూ ఒకటి జారవిడిచారు. ఖంగుమంది.

"ఏమిటండీ అవి?"

"ఆఫీసు ఫైళ్ళు."

"ఫైళ్ళు గంటల్లా మోగుతున్నాయేం?"

"అర్జెంటు ఫైళ్ళు!"

మర్నాడు ఆ అర్జెంటు ఫైళ్ళు పట్టుకుని మెకానిక్ రామ్‌చందర్ షెడ్డుకి వెళ్ళారు. రామ్‌చందర్ పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పిచూసి నెత్తి గోక్కున్నాడు.

"సార్, గిది దొడ్డ బండి సామాను. దీనికి అయిదు తొర్రలున్నయి. మన బండికి నాలుగే బోల్టులు. ఎట్ల పడ్తది?"

"కొత్త తొర్రలు కొట్టు."

"కొడ్తే పగుళ్ళొస్తయి. ఫలక్‌నుమా ఉతారు దిగంగ పగిలిందనుకో, మీరు దవాఖాన్ల ఉంటరు, నేను జైల్ల ఉంట."

"చూడు రామ్‌చందర్, నేను పుస్తకం చదివాను."

"బండి చదవలే కద సార్!"

పరబ్రహ్మంగారు వినలేదు. తను మూడు రోజులు వరంగల్ క్యాంపుకి వెళ్తున్నానని, వచ్చేసరికి డిస్కులు బిగించి ఉండాలని, ముఖ్యంగా ఇంట్లో తెలియకూడదని చెప్పి, కారునీ పళ్ళేల్నీ అక్కడే వదిలేసి రైలెక్కారు.

తిరిగొచ్చేసరికి కారు ఇంటిముందు ఉంది. రామ్‌చందర్ తాళాలు సుందరి చేతికిచ్చి వెళ్ళాడట. ఆయన ఆత్రంగా సందు చివరిదాకా నడిపి బ్రేకు తొక్కారు. కారు టక్కున ఆగింది. ఈయన ముక్కు మాత్రం స్టీరింగుదాకా వెళ్ళి ఆగింది.

"డిస్కంటే డిస్కే!" అని ముక్కు తడుముకుంటూ మురిసిపోయారు.

అత్తగారు వచ్చారు. ఆదివారం ఆవిణ్ణి జహనుమాలో ఉన్న బంధువుల ఇంటికి తీసుకెళ్ళారు. వెళ్తున్నంతసేపూ విదేశీ బ్రేకుల గురించి ఉపన్యాసం. వెనక కూర్చున్న సుందరి కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కుంది.

తిరుగు ప్రయాణంలో ఫలక్‌నుమా దిగుడు. కారు జోరుగా దిగుతోంది. ఉన్నట్టుండి పక్కసందులోంచి ఒక గేదె రోడ్డు మీదకొచ్చింది. గేదె వెనక దూడ. దూడ వెనక, పలుపు చేతికి చుట్టుకుని, వీళ్ళ ఇంటి యజమానురాలు, రోజూ వీళ్ళకి పాలు పోసే బుచ్చమ్మ!

పరబ్రహ్మంగారు రెండు కాళ్ళూ కలిపి బ్రేకు మీద నిలబడ్డారు. కారు కీచుమంటూ, గేదె కొమ్ముకి జానెడు దూరంలో ఆగింది.

అందరికన్నా ముందు గేదె తేరుకుని పేడ వేసింది.

బుచ్చమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "నీ కడుపు సల్లగుండ సారూ! కొత్త బర్రె, ఇయ్యాల్నే కొన్న. అది బతికింది, నేను బతికిన. రేపటిసంది మీ ఇంటికి నీళ్ళు కల్వని పాలు పోస్త!"

నీటిపారుదల శాఖ వాడింటికి నీళ్ళు లేని పాలు! కోటేశ్వరమ్మగారు కళ్ళు తుడుచుకుని, "మా అల్లుడు దేవుడు" అన్నారు. పరబ్రహ్మంగారు కాదనలేదు.

ఆ కబురు ఆఫీసుకి పాకింది. మరుసటి ఆదివారం శ్రీహరిరావు డిస్కులు చూస్తానని వచ్చాడు. పరబ్రహ్మంగారు చొక్కా చేతులు మడిచి, కారుకి జాకీ పెట్టి, చక్రం ఊడదీసి, "చూడు!" అన్నారు.

శ్రీహరిరావు చూశాడు. "ఇది డబ్బా కదండీ?"

డబ్బాయే. పాత డ్రమ్మే, శుభ్రంగా తుడిచి ఉంది.

పరబ్రహ్మంగారు చక్రం అక్కడే వదిలి ఇంట్లోకి పరిగెత్తారు. "సుందరీ! నా పళ్ళేలేవి?"

"అరవకండి. రామ్‌చందర్ మీరు వెళ్ళిన రోజే వచ్చాడు. 'అమ్మా, సార్ చెప్పినట్టు చేస్తే పాపం చుట్టుకుంటది, చెయ్యకుంటే కోపం చేస్తడు, ఏం చేద్దు?' అన్నాడు. ఉన్న బ్రేకులకేం రోగం అనడిగాను. డబ్బా లోపల చక్రాన్ని పట్టే షూలు అరిగాయి, రబ్బర్లు పాడై బ్రేకు నూనె కారుతోంది, ఆ నూనె మార్చి ఏళ్ళయింది అన్నాడు. అవన్నీ కొత్తవి వేయించి, మీ పళ్ళేలు వెనక్కి తెప్పించేశాను."

"మరి నాతో ఒక్క మాట..."

"మీరు నాతో చెప్పారా? మీవి ఆఫీసు ఫైళ్ళాయె!"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. పగిలిన పళ్ళెంతో ఆ దిగుడు దిగినట్టు ఊహించుకున్నారు. గేదె, దూడ, బుచ్చమ్మ, వెనక సీట్లో అత్తగారు, సుందరి. ఒళ్ళంతా చెమట పట్టింది.

"బుచ్చమ్మ దండం నీకు పెట్టాల్సింది సుందరీ," అన్నారు. "నేనూ నీకే పెట్టాలి."

"చాల్లెండి, ఎవరైనా చూస్తారు," అంది కానీ, కొంగుతో ఆయన నుదుటి చెమట తనే తుడిచింది. "ఆ రామ్‌చందర్‌కి చెప్పండి. ధైర్యం చేసింది అతను."

"ఇప్పుడే వెళ్ళి చెప్తాను. మరి మీ అమ్మగారికి తెలుసా?"

"ఆవిడకి ఇంకోలా చెప్పాను."

వంటింట్లోకి తొంగిచూశారు. కోటేశ్వరమ్మగారు వడియాల కోసం ఉప్పు వేసిన బూడిద గుమ్మడికాయ ముక్కల్ని గుడ్డలో మూటకట్టారు. మూట మీద పీట. ఆ పీట మీద, నీళ్ళన్నీ పిండేస్తూ, తళతళా తోమిన ఫారిన్ పళ్ళేలు రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"రండి అల్లుడుగారూ! నాకోసమే వెతికి తెచ్చారటగా! బరువుకి రుబ్బురోలు పొత్రం ఎత్తలేక చచ్చేదాన్ని. ఎంత ముందుచూపు నాయనా! మా చెల్లెలికి ఇలాంటివి ఇంకో రెండు దొరుకుతాయా?"

పరబ్రహ్మంగారు భార్య వైపు చూశారు. ఆవిడ నవ్వు ఆపుకోవడానికి గోడ వైపు తిరిగింది.

"సుందరిని అడిగి చెప్తానండీ," అన్నారాయన.