జూబ్లీ హిల్స్ కవాట ప్రాణరక్షణము

స్వస్తిశ్రీ సర్వజిన్నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమీ గురువారమున, సాఫ్ట్‌వేరు సంపద వెల్లువై బండరాళ్లకు సైతము కోట్ల ధర పలుకుచున్న భాగ్యనగరమున, జూబ్లీ హిల్స్ శిఖరాగ్రమున, సప్త పరాజయ చిత్ర నిర్మాతయయ్యు ఇసుమంతయు బిగువు తగ్గని పట్టాభిరామయ్యగారి సౌధ ద్వారమందు, ఇరువదడుగుల ఇనుప గేటొకటి విరాజిల్లుచుండెను. రిమోటు నొక్కిన తెరుచుకొనును, మరల నొక్కిన మూసుకొనును. దాని రోగమల్లా ఒక్కటే. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల, ఎవ్వరు నొక్కకయే, బార్లా తెరుచుకొనును! అంతట ఆల్బములు చంకనిడుకొని వేషముల కొరకు కాచుకొనియున్న భావి కథానాయకులు లోనికి చొరబడి, పళ్లు తోముకొనుచున్న నిర్మాతగారి యెదుట డైలాగులు వల్లింతురు. అయ్యయ్యో, లోకమున ఇంతకుమించిన ఆపద యెవరికైన వచ్చెనా?

ఆ రోగము బూట్‌లోడరున నున్నది. బూట్‌లోడరనగా, కరెంటు రాగానే అందరికన్న ముందు మేల్కొని, గేటు పెట్టెలోని తక్కిన ప్రోగ్రాములను తట్టి లేపెడి చిట్టి ప్రోగ్రాము. దానిని మార్చుచుండగా నడుమ కరెంటు పోయెనా, లేపువాడే చచ్చును, ఆ పెట్టె ఇటుకరాయి యగును. అట్టి ఘోర శస్త్రచికిత్సకై, ఉద్యోగమింకను పర్మనెంటు కాని ల్యాప్‌టాప్ ధారిణి, బోరబండ కిరాయిగది వాసిని, బాలాత్రిపురసుందరి ఆటోరథమున వచ్చుచుండగా, మేనేజరు రాఘవేంద్ర ఫోనున గర్జించెను.

"సుందరీ, క్లయింట్ చాలా పెద్దమనిషి. గేటు గానీ చచ్చిందా, రేపట్నుంచి నువ్వు ఆఫీసుకి రానక్కర్లేదు. అన్నట్టు పాత కాపీని పక్కనుంచడం అవీ తీసెయ్యమన్నాను, తీసేశావా? చిప్పులో చోటంతా దండగ!"

"సరే సార్" అనెనే గాని ఆమె తీసివేయలేదు. పాతదానిని కదపక, కొత్తదానిని ప్రక్కన వ్రాసి, అక్షరమక్షరము సరిచూచి, అటుపిమ్మటనే దానికి పట్టము కట్టవలెనని నెల దినములు శ్రమించి ఏర్పాటు చేసినది ఆమెయే. అయినను ఆ గేటుపై దానినింతవరకు పరీక్షించలేదు.

పట్టాభిరామయ్యగారికి ముహూర్తము లేనిదే తుమ్మైనను రాదు. సిద్ధాంతి పది గంటల ఇరువదిమూడు నిమిషములని తేల్చెను. వెంటనే కొబ్బరికాయ, క్లాపు బోర్డు, కెమెరా, పట్టపగటి యెండలో రెండు మహా దీపములు, వాని వెనుక, గేటుకును కరెంటునిచ్చు మెయిన్ స్విచ్చు చెంత లైట్‌మేన్ పోచయ్య! గేటుకు ముహూర్తపు షాట్! సిగ్గుండవలదా?

"అయ్యేదాకా కరెంటు ఎవరూ ముట్టుకోకండి, ప్లీజ్" అని సుందరి వేడుకొనెను. ఎవడు వినెను? ధర్మపత్ని లీలాకుమారి క్లాపు కొట్టగా, నిర్మాతగారు సుందరి ల్యాప్‌టాప్‌పై మీట నొక్కి, కెమెరావంక తిరిగి మేఘగంభీరముగా పలికెను.

"ఈ పట్టాభిరామయ్య గేటు తెరుచుకోవాలంటే పట్టాభిరామయ్య చెప్పాలి! కరెంటు కాదు, కాలం కాదు, ఆ దేవుడొచ్చినా సరే, బెల్లు కొట్టి నిలబడాలి!"

ల్యాప్‌టాప్ తెరపై నూటికి ఇంత పూర్తియైనదని చూపు అంకెలు ముప్పది, ఏబది, డెబ్బదియొకటి. డైలాగు ముగిసెను గనుక పనియు ముగిసినదని తలచి, ఆ మహామేధావి చేయెత్తి, "షాట్ ఓకే! ప్యాకప్!" అని కేక వేసెను.

ఆ మాట చెవిని బడిన మరుక్షణము మెయిన్ లాగుట పోచయ్యకు ఇరువదేండ్ల యలవాటు. లాగెను. గేటు పెట్టె కన్నుమూసెను.

"అన్నా! మెయిన్ వెయ్యి!" అని సుందరి ఆక్రోశించెను.

"అయ్యో బిడ్డా, ప్యాకప్ అన్నరు గదా, గుంజిన! గిట్లయితదని నాకేమెరుక!" అనుచు పోచయ్య స్విచ్చు వేసెను.

ఒక్క క్షణము. రెండు. మూడు. ఆమె ఉద్యోగము, కిరాయిగది, నెల దినముల శ్రమ, సర్వము ఆ పెట్టెపై వ్రేలాడుచుండెను. అంతలో గేటు కిర్రుమని, ఎవ్వరు నొక్కకయే, బార్లా తెరుచుకొనెను! ముగ్గురు భావి కథానాయకులు దూసుకొనివచ్చి నిర్మాతగారి పాదములపై బడిరి. ఆయన హాహాకారమొనర్చుచుండగా సుందరి చిన్నపిల్లవలె గంతులు వేసెను. "బతికే ఉంది! పాతది బతికే ఉంది!"

కథానాయకులను గెంటివేసి గేటు మూసిరి. "మళ్లీ ముహూర్తం పెట్టించాలి" అని నిర్మాతగారు గొణిగెను.

"ముహూర్తం వద్దండీ. ఐదు నిమిషాలు మీరెవరూ మాట్లాడకుండా ఉంటే చాలు" అని ఆ వీరాంగన పలికెను. పోచయ్య స్విచ్చునకు వీపానించి, చేతులు చాచి నిలిచెను. అంకెలు నూరు చేరెను. అక్షరములు సరిపోయెను. కొత్తదానికి పట్టాభిషేకమయ్యెను. "అన్నా, ఇప్పుడు గుంజి, మళ్లీ వెయ్యి" అనెను సుందరి.

గుంజెను. వేసెను. అందరు గేటు వంక నోళ్లు తెరిచి చూచుచుండిరి.

"ఏంటమ్మా, ఏం జరగలేదు?" అని నిర్మాతగారు అడిగెను.

"ఏం జరక్కూడదండీ. దానికే వచ్చాను."

ముహూర్త బలము చూచితిరా యని నిర్మాతగారు సిద్ధాంతికి శాలువా కప్పెను. సుందరికి మంచినీళ్లయినను ఇచ్చిన పాపాన పోలేదు. ఫోనున రాఘవేంద్రుడు ఉప్పొంగెను. "చూశావా, నా మాట విని ఆ పాత కాపీ తీసేశావు కాబట్టే ఇంత తొందరగా అయిపోయింది!"

"తీసెయ్యలేదు సార్. మధ్యలో కరెంటు పోయింది. అదే కాపాడింది."

రాఘవేంద్రుడు గొంతు తగ్గించెను. "సరే... రేపు తొమ్మిదింటికి వచ్చెయ్. ఈ సంగతి మాత్రం ఎవరికీ చెప్పకు."

చెప్పవలదట! ఆమె చెప్పకున్న నేను చెప్పెదను. వినుడు, భాగ్యనగర ప్రజలారా! దుందుభులు మ్రోగింపుడు, ఏనుగుపై చాటింపు వేయుడు! శ్రావణ శుద్ధ దశమినాడు, పట్టాభిరామయ్యగారి గేటు, కదలవలసిన పని లేనప్పుడు, కదలలేదు!